సగం గిన్నె టీ

బిష్కెక్‌లో చలికాలం ఐదింటికే చీకటి పడుతుంది. ఆఫీసులో బెర్మెట్, ఎల్దియార్ ఇద్దరే మిగిలారు. రోజూ మనసులోని మాట రాసుకుని కాస్త కుదుటపడేందుకు బెర్మెట్ ఒక యాప్ తయారుచేస్తోంది. రాయగానే తెరమీది టీ గిన్నె నిండుతుంది. అంచుదాకా నిండితే ఆ రోజుకి రాయడం పూర్తయినట్టు.

కోటు తొడుక్కుంటూ ఎల్దియార్ తొంగిచూసి నవ్వాడు. "మన ఇళ్లలో టీ గిన్నె నిండా పోసి ఇస్తే లేచి వెళ్లమనేగా అక్కా! ఉండమనేవాళ్లకి సగమేగా పోస్తాం. ఏడుపు మొహంతో వచ్చినవాణ్ణి గెంటేస్తావా?"

"బొమ్మేలేరా. నువ్వు ముందు ఇంటికి తగలడు."

అతను వెళ్లాక గది సద్దుమణిగింది. బెర్మెట్ ఫోన్ తీసి, పరీక్షకోసం ఎప్పుడూ రాసే మాటే రాసింది: "నేను బాగానే ఉన్నాను." గిన్నె నిండింది.

ఎవరో జుర్రిన చప్పుడైంది. గిన్నె సగానికి దిగింది.

ఆ యాప్‌కి ఆమె ఇంకా ఏ శబ్దమూ పెట్టలేదు. మళ్లీ అదే రాసింది. మళ్లీ జుర్రిన చప్పుడు. ఈసారి దాని వెంటే, పంటికి చక్కెర ముక్క తగిలి టిక్కుమంది. బుగ్గన చక్కెర పెట్టుకుని అలా తాగేది నాయనమ్మే. ఆవిడని మట్టిలో పెట్టిన రోజు కూడా బెర్మెట్ ఏడవలేదు.

"నేను బాగాలేను," అని రాసింది. ఏడుస్తూ రాస్తూనే పోయింది. ఎంత రాసినా గిన్నె సగం దాటలేదు.

కుర్చీ వెనక, బాగా దగ్గరగా, ఖాళీ గిన్నె బల్లమీద పెట్టిన చప్పుడైంది.

బెర్మెట్ తిరిగి చూడలేదు.

"ఇంకాస్త పోయనా, నాయనమ్మా?" అంది.