పెట్టె మీద రాజకుమారి

"లేవవే, ఆ పెట్టె మీంచి!" అని గద్దించాడు సోదాకొచ్చిన విప్లవసేన నావికుడు.

దరేజాన్ లేవలేదు. ఒళ్ళో గిన్నె, చేతిలో చాకు, గడ్డకట్టిన బంగాళాదుంప. కింద పెట్టెలో ఆమె తండ్రి. ఒకప్పుడు జార్ దగ్గర జనరల్‌గా చేసిన ముసలాయన, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకుపోయి ఉన్నాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే ఆమే లోపల కుక్కింది. దొరికాడా, జార్‌ని కూలదోసిన ఇప్పటి పెత్రోగ్రాద్‌లో విచారణలూ గిచారణలూ ఏం ఉండవు. పెరట్లో గోడకి నిలబెట్టి కాల్చేస్తారు.

"కాలు బెణికింది బాబూ, లేవలేను," అంది. "నేనీ ఇంటి పనిమనిషిని, దార్యాని. దొరలంతా ఎప్పుడో పారిపోయారు."

పెట్టెలోంచి సన్నగా పిల్లికూత వినిపించింది. నాన్నది ఉబ్బసం! దరేజాన్ చాకుతో దుంపని గరగరా గీకసాగింది.

పరుపులు చీల్చి, బీరువా బోర్లించి అలిసిపోయిన నావికుడు వంగి, గిన్నెలోంచి ఒక తొక్క పైకి తీశాడు.

"చూశారా కామ్రేడ్ కమిస్సార్? సగం దుంప తొక్కలోనే పోయింది. ఊరంతా ఆకలితో మాడి చస్తుంటే ఇంత మందాన చెక్కే పనిమనిషి ఉంటుందా?"

జార్జియాని ఏలిన రాజుల ఇంటి ఆడపడుచు ఆమె. దుంప చెక్కడం నేర్చుకుని నెలైనా కాలేదు మరి!

ఆ దళానికి అధికారి, కమిస్సార్ గ్రొమొవ్ కిటికీ దగ్గర నిలబడి పొగాకు చుట్టుకుంటున్నాడు. వచ్చినప్పటినుంచీ అతని మొహంలో నవ్వన్నది లేదు.

"ముసలాడు ఈ ఇంట్లోనే ఉన్నాడని కబురొచ్చింది," అన్నాడు తాపీగా. "పెట్టెలో ఏముంది?"

"పాతగుడ్డలండీ. తాళంచెవి దొరలతోనే పోయింది."

"నా దగ్గరుందిలే తాళంచెవి!" అంటూ నావికుడు పిస్తోలు తీశాడు. ఆమెని ఒక్క తోపు తోసి, పెట్టెకి గురిపెట్టాడు.

"మామా!"

కేక దానంతటదే వచ్చేసింది. పెట్టె మీద బోర్లా పడి రెండు చేతులా వాటేసుకుంది. మరుక్షణం ఏమన్నదో తెలిసొచ్చింది. జార్జియన్ భాషలో మామా అంటే నాన్న. తన నోటితో తనే తండ్రిని పట్టిచ్చేసింది!

నావికుడు పగలబడి నవ్వాడు. "ఓరి నాయనో! నలభై ఏళ్ళ గాడిద, అమ్మ కావాలట!"

తలుపు దగ్గర సైనికులూ ఘొల్లుమన్నారు. అప్పుడు వెలిగింది ఆమెకి. ఈ రష్యన్లు మామా అని పిలిచేది అమ్మని కదూ! పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అవును బాబూ, ఈ పెట్టె మా అమ్మదే," అంటూ నిజంగానే వెక్కి వెక్కి ఏడ్చింది.

కమిస్సార్ మాత్రం నవ్వలేదు. ఆమె వంకే చూస్తున్నాడు.

"పాతగుడ్డల మీద తగలెయ్యడానికి తూటాలేమైనా చెట్లకి కాస్తున్నాయా?" అని నావికుణ్ణి కసిరాడు. "అందరూ కిందకి నడవండి. దీని సంగతి నేను చూస్తాను."

బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది. కమిస్సార్ తలుపు మూసి లోపల గడియ పెట్టాడు.

దరేజాన్ చాకు కోసం నేలంతా తడిమింది. చేతికి దుంప తగిలింది గాని చాకు తగల్లేదు. పెట్టెలోంచి ఇప్పుడు పిల్లికూత కూడా రావడం లేదు. అతను వచ్చి ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మాట్లాడింది రష్యన్‌లో కాదు, అచ్చమైన జార్జియన్‌లో.

"త్వరగా మూత తియ్యి అక్కా. మీ జార్ పంపిన కొజాక్కు గుర్రపు సైనికులు మా ఊరు తగలబెట్టిన రోజు, మా మామా ఇలాంటి పెట్టెలోనే ఊపిరాడక పోయాడు."