బొండాం బుల్లియ్య పడ్డాడా?

గోదారి దాటించే పంటు సఖినేటిపల్లి రేవు వదిలిందో లేదో, కరుణమ్మ చిన్ననాటి బొమ్మల కథల పుస్తకం ‘బొండాం బుల్లియ్య’ తెరిచి పకపకా నవ్వడం మొదలెట్టింది.

ఎదురుగా కూర్చున్న తోడికోడలు సువార్తకి ఒళ్లు మండింది. తనూ బుల్లియ్య పిచ్చిదే. కానీ అరటిగెల పంపకం దగ్గర గొడవయ్యాక ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పాలన్నా మధ్యవాళ్లతోనే.

“సరంగు గారూ, అది ఏ కథో అడగండి!” అంది సువార్త, పంటు నడిపేవాడితో.

“కొబ్బరిచెట్టు మీంచి అత్తగారి పెరట్లో పడే కథని చెప్పండి!”

అప్పుడు చూసింది సువార్త. అక్క ముఖాన కళ్లజోడు లేదు.

“మరెలా చదువుతోందంట?”

“జోడు ఇంట్లో మర్చిపోయేనండి. గుర్తున్నదే తల్చుకుని నవ్వుకుంటున్నానండి.”

సువార్త లేచెళ్లి పక్కన కూలబడింది. “ఇలాగియ్యక్కా, నేను చదువుతాను.”

నరసాపురం రేవొచ్చింది. “దిగండమ్మా!” అన్నాడు సరంగు.

“ఉండండి బాబూ!” ఇద్దరూ ఒక్కసారే అరిచేరు. “బుల్లియ్య ఇంకా చెట్టు మీంచి పడలేదండి!”