రెండు లైన్లు

"బిల్లున్నోళ్లు కుడి దిక్కు, లేనోళ్లు ఎడమ దిక్కు!" అని వకీలు లక్ష్మీరాజం కేకేశాడు. కొన్న సామాను చెడిపోయినవాళ్ల కోసం రాయికల్‌లో పెట్టిన ఉచిత న్యాయ సలహా శిబిరం అది. కుడి లైనుకు ఆయన ఫిర్యాదు రాసిపెడతాడు, ఎడమ లైనుకు చీవాట్లు పెడతాడు.

బీడీలు చుట్టే నర్సవ్వ చెడిపోయిన మిక్సీతో వచ్చి కుడివైపు నిలబడింది.

"అవ్వా, నువ్వు అటు పో," అన్నాడు లక్ష్మీరాజం, ఆమె దగ్గర బిల్లుండదనుకుని.

నర్సవ్వ సంచిలోంచి బీడీ దారంతో కట్టిన కాగితాల కట్ట తీసింది. మిక్సీ బిల్లు పైనే ఉంది.

"ఇన్ని బిల్లులు దాచినవా!"

"కార్ఖానల ఇచ్చిన బీడీలు కార్డు మీద ఎక్కియ్యకుంటే, రేపు ఇయ్యనేలేదంటరు సార్. గా అలవాటే."

లక్ష్మీరాజం టైమెంతయిందోనని చేతి గడియారం చూసి, మణికట్టు విదిలించాడు.

"ఆగిపోయిందా సార్?"

"కోరుట్లల కొని నెల గూడ కాలేదవ్వా."

"మరి బిల్లున్నదా?"

పదేళ్లుగా ఊరూరా 'బిల్లు అడగండి' అని అరిచిన లక్ష్మీరాజం గడియారాన్ని చొక్కా చేతి కిందికి తోశాడు.

"తెలిసినోని దుకాణం గదా... అడిగితే ఏమనుకుంటడో అని..."

ఎడమ లైను గొల్లుమంది. "మేం గూడ గందుకే అడగలే సార్!"

నర్సవ్వకు ఫిర్యాదు రాసిచ్చాక, లక్ష్మీరాజం తన కుర్చీ ఎత్తుకుని ఎడమవైపు నడిచాడు.

"జర జరుగుండ్రి," అన్నాడు.