మేనేజరు గారి ఆఖరి ఇల్లు

ఏమీ తేల్చని మీటింగు పెట్టినవాడు, అందులో కూర్చున్న ప్రతి ఒక్కరి ఇంటికీ ఆదివారం వెళ్లి, వృథా చేసినంతసేపూ ఇంటిపని చెయ్యాలని చట్టం వచ్చి మూడేళ్లయింది. మీటింగు ఎక్కడ జరిగినా, అందరి చేతికీ సర్కారు కట్టిన పట్టీ వింటుంది, పెట్టినవాడి లెక్కలో నిమిషాలు ఎక్కిస్తుంది.

మేనేజరు పేరిశాస్త్రి గారు పెట్టింది రెండు గంటల మీటింగే. కానీ వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. నాలుగు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి, చివరికి తన ఆఫీసు ఉద్యోగిని హైమవతి ఇంట్లో పీట వేసుకుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు. ఇదే ఆఖరి ఇల్లు. ఇంకో పది నిమిషాలైతే విముక్తి. వచ్చే ఆదివారం భీమిలి తీసుకెళ్తానని భార్యకు ఒట్టేసి మరీ చెప్పారు.

పదకొండో పిక్క దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"అమ్మా హైమవతీ, ఈ పని ఇలా కాదు, దీనికో పద్ధతుండాలి. ఇంట్లోవాళ్లంతా ఒక్క ఐదు నిమిషాలు ఇలా కూర్చుంటే మాట్లాడేసుకుందాం."

"అయ్యో, సార్..." అని హైమవతి వారించబోయింది. పక్కనే ఉన్న అత్తగారు సూరమ్మ ఆమె చెయ్యి గిల్లింది.

"నువ్వూరుకోవే. మన అటక దులిపి ఏడాదయింది" అని కోడలి చెవిలో గొణిగి, గబగబా చాప పరిచి, కొడుకునీ మనవలనీ కేకేసి కూర్చోబెట్టింది.

"తొందరేం లేదు బాబూ, మొదట్నుంచీ నిదానంగా చెప్పండి."