దొడ్డిదారి

“తాళం చేసింది మీరే కదా చెల్లెమ్మా, తీయడం మీకు రాకపోవడమేమిటి?”

అతను భార్య ఫోను బల్ల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు. పగిలిన అద్దం వెనక ఫొటోలో ఆవిడ నవ్వుతోంది. పోయిన వారం మేడ మీంచి జారిపడి చనిపోయిందట. ఫోను తెరుచుకుంది గానీ అందులోని ‘గూడు’ తెరుచుకోలేదు.

గూడు ఆ ఇంటి కోడలు తన జట్టుతో కలిసి రాసిన యాప్. నిద్ర, నొప్పులు, మందులు, మనసులో మాట... ఏది రాసుకున్నా, గొంతుతో చెప్పుకున్నా ఆ ఫోను దాటి పోదు. ఒకరి మొహం ఒకరు చూసుకోని పదిమంది కలిసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా దాన్ని కట్టారు. కోడ్ మొత్తం లోకం ముందు పరిచారు. తాళం ఎలా పనిచేస్తుందో ఎవరైనా చూడొచ్చు. తాళంచెవి మాత్రం రాసుకున్న మనిషి దగ్గరే ఉంటుంది.

“ఆవిడ పాస్‌వర్డ్ లేకుండా నావల్ల కాదండీ.”

“గదిలో తలుపేసుకుని దాంతోనే మాట్లాడుకునేది పిచ్చిది. ఒక్కసారి ఆ గొంతు వింటాను. మళ్లీ మీ గడప తొక్కను” అంటూ బావురుమన్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది.

“అంత రాతిగుండేమిటే అమ్మాయ్ నీకు? ఏదో ఒక దొడ్డిదారి ఉండకపోతుందా?”

“అది లేకుండా కట్టాలనే కదత్తయ్యా ఇన్నాళ్లూ నడుం విరగ్గొట్టుకున్నాను!”

అన్నదే గానీ మనసు ఆగలేదు. ఫోనును తన కంప్యూటర్‌కి తగిలించింది.

“ఆవిడకి బాగా ఇష్టమైన పేరు, పాట, ఊరు... ఏదైనా చెప్పండి.”

అతనికి ఒక్కటీ తట్టలేదు. చివరికి పెళ్లిరోజు చెప్పాడు. అది పనిచేయలేదు. జట్టులో వాళ్లకి రాసి అడిగింది. “మనకి తెరుచుకుంటే దొంగకీ తెరుచుకుంటుంది. మరిచిపోయావా?” అని జవాబొచ్చింది. తను కట్టిన గోడకి ఎక్కడో ఒక చిల్లు ఉంటే బాగుండునని ఆమె మొదటిసారి కోరుకుంది. వెతికింది. దొరకలేదు.

పొద్దు వాలేసరికి ఆమె కళ్లలోనూ నీళ్లు నిండాయి.

“క్షమించండి అన్నయ్యగారూ. నావల్ల కాలేదు.”

“మీకంటే పెద్ద చదువులు చదివినవాళ్ల వల్ల?”

“కోడ్ అందరి ముందూ ఉంది. తలపండినవాళ్లే చూసి చేతులెత్తేశారు.”

“పోలీసులు అడిగితే? కోర్టు తియ్యమంటే?”

దుఃఖం కోపంగా మారుతోందనుకుంది ఆమె. తిడితే పడదామని తల దించుకుంది.

“బ్రహ్మదేవుడు దిగొచ్చినా తెరుచుకోదండీ. ఆవిడ మాట ఆవిడతోనే పోయింది.”

అతని ఏడుపు ఠక్కున ఆగింది. మొహం తుడుచుకున్నాడు. ఫోను తీసి జేబులో వేసుకుని, గుండెలనిండా గాలి పీల్చి వదిలాడు.

“హమ్మయ్య!” అన్నాడు.