కింది వరస

రాళ్లు చెక్కే మేస్త్రి నోటికి జడిసి సమాధి రాళ్లు తమంతట తామే అక్షరాలు చెక్కుకుంటాయని చెప్పుకుంటారు.

"రండి డ్రైవరుగారూ! డాక్టరు మీకిచ్చిన గడువు పోయిన నెలతోనే అయిపోయిందిగా. మీకోసం చూసీ చూసీ మీ రాయికి నాచు పడుతోంది!"

బస్సు తోలి రిటైరైన పెద్దాయన నవ్వలేదు. రాతి మీద పై వరసలో ఆయన ముందే చెక్కించుకున్న పేరుంది. కింద భార్య పేరుకి వదిలిన ఖాళీ మీద అరచెయ్యి ఆనించాడు.

"ముందు ఇది చెక్కు మేస్త్రీ. ఆదివారం పోయింది."

మేస్త్రి చేతిలోంచి ఉలి జారింది. "అమ్మగారా? మొన్నేగా మీ మందులు పట్టుకుని ఇటే వెళ్లారు!"

"టీ పెడతానని లేచింది. అక్కడే కూలిపోయింది."

"దేవుడు ఇంత అన్యాయం చేశాడేంటండీ!"

"ఆయన్ననకు. అడిగింది నేనే. పిల్లలు లేనివాళ్లం. జబ్బు తేలిన రోజునుంచీ నాది ఒకటే ప్రార్థన. ప్రభువా, నా వెనక దాన్ని ఒంటరిదాన్ని చెయ్యకు అని. విన్నాడు. ఎలా వింటాడో మాత్రం నాకు తట్టలేదయ్యా."

మేస్త్రి కిందపడ్డ ఉలి తీసి పక్కన పెట్టాడు. మెల్లగా అడిగాడు. "మరి ఇప్పుడేమని ప్రార్థిస్తున్నారు?"

"నీ చిత్తం అనాలి. రోజూ మోకరిస్తున్నాను. నోరు రావడం లేదు. కాస్త నాతో పాటు అంటావా?"

ఇద్దరూ రాతిపొడిలోనే మోకరించారు. పెద్దాయన మాట సగంలో విరిగిపోయింది. మిగతా సగం మేస్త్రి అందుకున్నాడు.