కంప్యూటర్ కంటికి బొట్టుబిళ్ళ

“అది మనల్నే సూస్తాండాది మే. ఎప్పుడో ఒకనాడు మన కొంప ముంచుతాది, సూస్తాండు.”

రామేశ్వరమ్మ ఈ మాట అన్ననాటికి ఇంకా ఏమీ జరగలేదు. కంప్యూటర్ కొత్తగా ఇంటికొచ్చింది. చిన్నకూతురు అంజలి దాని ముందు కూర్చుని కర్నూలులోని ఏదో కంపెనీకి టైపింగ్ పని చేస్తోంది. ఓర్వకల్లు నుంచి ఆడపిల్ల రోజూ బస్సులో పోయి రావడంకన్నా ఇది నయమని తల్లి ఒప్పుకుందే గానీ, కంప్యూటర్ నెత్తిన ఉన్న ఆ గాజుకన్ను ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

“అది కెమెరా మా. మనం తెరిస్తేనే సూస్తాది.”

“దొంగోడు నిన్నడిగి తెరుస్తాడా?”

టీవీలో రోజుకొక వార్త. ఎవరింట్లోనో పిల్లల ఫోటోలు ఊరంతా తిరగడం, ఎవరో తల్లి గుండెలు బాదుకోవడం. ఏడో తరగతితో బడి మానిన రామేశ్వరమ్మకు ఆ వార్తలన్నీ తన గడప వెతుక్కుంటూ వస్తున్నట్టే ఉండేది. పెద్దది నాగలత ఎవరినో కట్టుకుని కడపకు పోయి ఒక దెబ్బ కొట్టనే కొట్టింది. దాని పేరు ఇంట్లో వినబడితే మందు తాగి చస్తానని రామేశ్వరమ్మ ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ఇంకో దెబ్బ పడితే తట్టుకునే శక్తి లేదు. అందుకే అంజలి చేతికి ఫోన్ కూడా ఇవ్వదు. అది ఎప్పుడూ తన నడుముకే ఉంటుంది.

ముందుగదిలో లక్ష్మన్న మంచం. దాన్ని ఆనుకునే కంప్యూటర్ బల్ల. నాపరాళ్ళ పాలిష్ పనికి పోయే మనిషి, పక్షవాతంతో కుడిపక్క పడిపోయి మాట పోగొట్టుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రామేశ్వరమ్మ చేనినుంచి తొందరగా తిరిగొచ్చింది. అంజలి వంటింట్లో తండ్రికి అన్నం కలుపుతోంది. కంప్యూటర్ ముందు ఎవరూ లేరు. కానీ ఆ కన్ను పక్కన చిన్న దీపం వెలుగుతోంది. ఈమె గడప తొక్కిందో లేదో, టక్కున ఆరిపోయింది.

రామేశ్వరమ్మ దగ్గరికి పోయి ఆ కంటిలోకి తొంగిచూసింది. తాను వచ్చింది చూసే ఆర్పినాడు. చూస్తున్నవాడు ఉన్నాడు.

లక్ష్మన్న ఉతికిన చొక్కా తొడుక్కుని, నున్నగా తల దువ్వించుకుని, దిండుకు ఒరిగి ఉన్నాడు.

“ఈయప్పకు సింగారమొకటి తక్కువయింది,” అని ఆయన మీద విసుక్కుని, అటునుంచి అటే బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు పెట్టుకున్న నవీన్‌ను పిలుచుకొచ్చింది.

నవీన్ కాసేపు కెలికి చూసి అంజలి వైపు ఒకసారి చూశాడు. “దొంగలు దూరలేదు మా. బయటుండేవాళ్ళు కెమెరా తెరిచి సూసేదానికి ఒక ప్రోగ్రాం పెట్టుండారు. ఇంట్లోవాళ్ళు పెడితేనే వస్తాది అది.”

“ఎవుడే వాడు?”

అంజలి తల దించుకుంది.

“ఎవుడని అడుగుతాండా.”

చెంప పగిలినా నోరు పెగలలేదు. మంచం మీదనుంచి లక్ష్మన్న ఏదో చెప్పాలని గొంతు చించుకున్నాడు. అది మాట కాలేదు.

“ప్రోగ్రాం తీసేస్తా. కొత్త పాస్‌వర్డ్ నువ్వే కొట్టు మా. ఎవురికీ చెప్పొద్దు,” అన్నాడు నవీన్.

రామేశ్వరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని ఒంటివేలితో ఒక్కో అక్షరం కొట్టింది. అయినా నమ్మకం చిక్కలేదు. నొసటి బొట్టుబిళ్ళ తీసి ఆ కంటికి అతికించింది.

“మంచి యాంటీవైరస్సే మా,” అని నవ్వాడు నవీన్.

ఆనాటినుంచి ఆమె మధ్యాహ్నాలు చేనికి పోవడం మానుకుంది. కంప్యూటర్ ముందే చాప వేసుకుని చింతపండు గింజలు తీస్తూ కాపలా కూర్చుంది. పొద్దున పాస్‌వర్డ్ తానే కొట్టి ఇచ్చేది. పని అయిపోగానే వైరు పీకేసేది.

లక్ష్మన్న తిండి తగ్గింది. ముద్ద నోట్లో పెడితే పక్కకు కారిపోయేది. ఒకరోజు చూస్తే కంప్యూటర్ మీద బిళ్ళ లేదు. ఇల్లంతా వెతికింది. అది లక్ష్మన్న ఎడమచేతి వేలికి అతుక్కుని ఉంది.

“సిన్నపిల్లోనివి అయిపోయినావా? ఆటలాడేదానికి ఇదే దొరికిందా నీకు?” అని కసిరి, బల్లను అవతలి గోడకు జరిపించి కొత్త బిళ్ళ పెట్టింది.

లక్ష్మన్న గోడవైపు మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ ఇటు తిప్పలేదు.

“కూతురు సేసిన పనికి కుమిలిపోతాండాడు,” అని పక్కింటామెతో చెప్పుకుని ఏడ్చింది రామేశ్వరమ్మ. అంజలి వినేటట్టే చెప్పింది.

వానలు పడకముందే లక్ష్మన్న పోయాడు. కబురు ఎవరెవరికి పోవాలో, ఎవరికి పోకూడదో ఆమే చెప్పింది.

కర్మనాడు ఆమె నొసట బొట్టు తుడిచారు. బంధువులు వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. ఖాళీ మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఎదురుగా కంప్యూటర్ నొసట మాత్రం బిళ్ళ ఎర్రగా అలాగే ఉంది.

రామేశ్వరమ్మ దాన్ని వేలితో చూపించింది.

“మీ నాయన పోనే పోయె. ఇంకెవురి కోసం దాస్తావు? ఈ ఇంట్లోకి తొంగి సూసినోడు ఎవుడో ఇప్పుడన్నా సెప్పవే.”

అంజలి ఆ బిళ్ళ వైపే చూస్తూ ఉండిపోయింది. లక్ష్మన్న ఫోటో ముందు దీపంలో నూనె అయిపోవచ్చింది. తల్లి లేచి నూనె పోసి, వత్తి ఎగదోసి, మళ్ళీ వచ్చి ఎదురుగా కూర్చుంది. అప్పుడు అంజలి నోరు తెరిచింది.

“అక్క, మా… దినామూ దాంట్లో అక్క మొగం సూసినాకనే నాయన ముద్ద మింగుతాండె.”